అటక మీది టీవీ గేమ్‌ని మళ్ళీ ఆడించడం ఎలా: సిక్కోలు, విజయనగరం వాళ్ళ కోసం

పాత వీడియో గేములు సేకరిద్దాం అనుకోగానే చాలామంది ముందు ఫోన్ తీసి ఆన్‌లైన్లో రేట్లు చూస్తారు, ఆ వేలకి వేలు చూసి ఇది మనవల్ల అయ్యే పని కాదులే అని ఊరుకుంటారు. ఆ దారి వదిలేయండి. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పటికీ ఎన్నో ఇళ్ళలో అటక మీదో, మంచం కింద ట్రంకు పెట్టెలోనో ఒక టీవీ గేమ్ పడి ఉంటుంది, దాని పక్కనే బట్టల షాపు కవర్లో చుట్టిన నాలుగైదు గేమ్ క్యాసెట్లు. జపాన్ బాక్సులు, అమెరికా బాక్సులు తర్వాత సంగతి. ముందు మన వీధిలో మనవాళ్ళు ఆడినవి వెతకండి, బాగుచేయండి, టీవీకి పెట్టి ఆడండి, ఆడేవాటినే ఇచ్చిపుచ్చుకోండి. షోకేసులో పెట్టి చూసుకోవడానికి కొనే వాళ్ళకి నేను చెప్పేది పెద్దగా పనికిరాదు.

ముందు ఏది ఏమిటో తెలియాలి. నింటెండో అనే కంపెనీ 1983 జూలైలో జపాన్‌లో ఫ్యామికామ్ అనే కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడే గేమ్ డబ్బా, తెచ్చింది. అదే 1985లో వేరే రూపంలో, ఎన్ఈఎస్ పేరుతో అమెరికా వెళ్ళింది. ఫ్యామికామ్ క్యాసెట్‌కి 60 పిన్నులు, ఎన్ఈఎస్ క్యాసెట్‌కి 72. తొంభైల్లోనూ ఆ తర్వాత కొన్నేళ్ళూ మన బజార్లో మామూలు ఇళ్ళు కొనగలిగిన ధరకి దొరికినవి ఎక్కువగా ఫ్యామికామ్ నకళ్ళే, అందుకే మన పసుపుపచ్చ క్యాసెట్లు 60 పిన్నులవి. అమెరికాలో ఉన్న బావగారు ప్రేమగా ఎన్ఈఎస్ క్యాసెట్ పంపినా మన డబ్బాలో అది దూరదు, మధ్యలో కన్వర్టర్ కావాలి. ఇంకో సంగతి, డబ్బా పైకి ప్లేస్టేషన్‌లా కనిపించినంత మాత్రాన అది ప్లేస్టేషన్ కాదు. మూత తెరిచి చూడండి, సీడీ పెట్టే చోటు కింద క్యాసెట్ స్లాట్ ఉంటే అది కూడా ఆ నకళ్ళలో ఒకటే. అలాగని తీసిపారేయకండి, మన దగ్గర ఒక తరమంతా మారియో, కాంట్రా ఆడింది వాటి మీదే.

వెతకడానికి అన్నిటికంటే మంచి సమయం సంక్రాంతికి ముందు వారం. ఇల్లు దులుపుతారు, అటక దించుతారు, పాత సామాన్లన్నీ భోగి మంట కోసం ఒక మూల పోగేస్తారు. ఆ పోగులో ప్లాస్టిక్ డబ్బాలు కూడా ఉంటాయి. ప్లాస్టిక్ తగలబెడితే వచ్చే పొగ ఎవరికీ మంచిది కాదు, మంటలో పడకముందే మీరు వెళ్ళి అడిగితే వాళ్ళకీ మేలే. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, పలాస పక్క ఊళ్ళలో ఓడల మీద, గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన వాళ్ళ ఇళ్ళు ఎక్కువ. అలాంటి ఇళ్ళలో అసలు సెగా, అసలు ప్లేస్టేషన్, గేమ్ బాయ్ తగిలే అవకాశం కాస్త ఎక్కువని నా లెక్క. ఊళ్ళో తిరిగి పాత ఇనుము, ప్లాస్టిక్ కొనే వాళ్ళకి మీ ఫోన్ నంబర్ ఇచ్చి, ఒక పాత క్యాసెట్ చూపించి "ఇలాంటిది వస్తే విరగ్గొట్టకుండా నాకు చెప్పన్నా" అనండి. తూకానికి వచ్చేదానికంటే ఎక్కువిస్తే తప్పకుండా గుర్తుపెట్టుకుంటారు.

అడిగే పద్ధతి కూడా ముఖ్యమే. "పిన్నీ, మీ వాడు చిన్నప్పుడు ఆడిన టీవీ గేమ్ ఉందా?" అంటే వచ్చే జవాబు దాదాపు ఒకటే: "అదేటి నాయనా, అది పాడైపోయి ఎన్నాళ్ళయిందో!" అప్పుడు ఉత్తినే పట్టుకుపోవద్దు. అది నడిస్తే ఎంతో కొంత విలువ చేస్తుందని చెప్పండి, వాళ్ళబ్బాయి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటే ఫోన్ చేసి అడగమనండి. ఆ అబ్బాయి "ఉంచమ్మా, నాకు కావాలి" అంటే, బాగుచేసి తిరిగి ఇస్తానని చెప్పండి. వస్తువు పోయినా, క్యాసెట్లు ఇచ్చే ఇంకో నాలుగు ఇళ్ళు మీకు తెలుస్తాయి.

ఇక పాడైంది అన్న మాట. వీటిలో ముందు పోయేది చాలాసార్లు లోపలి బోర్డు కాదు, అడాప్టరో దాని వైరో. ఎలక్ట్రికల్ షాపులో వోల్టులు కొలిచే మామూలు మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి, ఈ సరదాకి అంతకంటే పనికొచ్చే వస్తువు లేదు. డబ్బా అడుగున ఎన్ని వోల్టులో రాసి ఉంటుంది, నకళ్ళకి ఎక్కువగా 9 వోల్టుల డీసీ. పక్కనే చిన్న గుర్తు ఉంటుంది, మధ్యలో చుక్క, చుట్టూ సగం గుండ్రని గీత, ఒకదానికి ప్లస్, ఒకదానికి మైనస్. పిన్ను లోపలివైపు ఏది ఉండాలో ఆ గుర్తే చెబుతుంది. అసలు ఫ్యామికామ్‌కి 10 వోల్టులు, మధ్యలో మైనస్. ఇవాళ ఇళ్ళలో ఉండే వైఫై రౌటర్ల అడాప్టర్లకి మాత్రం సాధారణంగా మధ్యలో ప్లస్. పిన్ను దూరింది కదా అని రౌటర్ అడాప్టర్ గుచ్చేశారంటే, తిరగబడిన కరెంటుని ఆపే డయోడ్ లేని బోర్డు అక్కడికక్కడే పోవచ్చు. బరువుగా ఉండే పాత ట్రాన్స్‌ఫార్మర్ అడాప్టర్‌ని దేనికీ తగిలించకుండా మీటర్ పెడితే 9 బదులు 12, 13 చూపిస్తుంది, కంగారు పడకండి, గేమ్‌కి తగిలించి లోడ్ పడగానే దిగుతుంది. లోపల 7805 అనే మూడు కాళ్ళ రెగ్యులేటర్ దాన్ని 5 వోల్టులు చేస్తుంది, మిగిలిందంతా వేడిగా పోతుంది. అందుకే 12 వోల్టుల అడాప్టర్ పెట్టినా ఆడుతుంది అనేవాళ్ళ మాట వినకండి, ఆడుతుంది గానీ ఆ రెగ్యులేటర్ కాలిపోయే దాకానే. అమెరికా, జపాన్ నుంచి వచ్చిన కన్సోల్ అయితే ఇంకా జాగ్రత్త, వాళ్ళ కరెంటు 120, 100 వోల్టులు, మనది 230. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గు పెట్టొద్దు.

కరెంటు సరిగ్గా వస్తోంది, లైటు వెలిగింది, తెర మీద మాత్రం ఉత్త బూడిదరంగు, లేదా గళ్ళు గళ్ళుగా చెత్త అక్షరాలు. ఇప్పుడు క్యాసెట్ చూడాలి. కింది అంచు వెలుతురుకి పెట్టి చూడండి, అటు 30 ఇటు 30 పిన్నులు వరసగా కనిపిస్తాయి. సముద్రానికి దగ్గర ఊళ్ళలో, కళింగపట్నం, భావనపాడు, ఇటు భోగాపురం పక్క, వాటి మీద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటుంది. ఉప్పుగాలి పని అది. చిన్నప్పుడు అందరం చేసినట్టు నోటితో ఊదడం మాత్రం పూర్తిగా మానేయాలి. ఊదితే ఆడేది ఊదినందువల్ల కాదు, తీసి మళ్ళీ పెట్టినందువల్ల పిన్నులు సరిగ్గా తగిలి ఆడేది, నోటి తడి మాత్రం లోపలే ఉండి చిలుము పెంచేది.

మొబైల్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చిన్న సీసా అడిగి తెచ్చుకోండి, 99 శాతం అని ఉన్నదైతే మంచిది. మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్ళ పాలు ఎక్కువ, ఇంకేదీ దొరకనప్పుడు వాడొచ్చు గానీ ఎక్కువసేపు ఆరనివ్వాలి. పెట్రోలు, థిన్నర్ అసలొద్దు, ప్లాస్టిక్ తినేస్తాయి. ఇయర్ బడ్‌ని అందులో ముంచి పిన్ను పొడుగునా పైకీ కిందికీ రుద్దండి, అడ్డంగా రుద్దితే దూది పోగులు పిన్నుల మధ్య చిక్కుకుంటాయి. మొదటి బడ్ నల్లగా వస్తుంది, పారేసి రెండోది తీయండి, బడ్ తెల్లగా వచ్చేదాకా ఇదే పని. చిలుము మొండిగా ఉంటే బడికెళ్ళే పిల్లల తెల్ల రబ్బరుతో చాలా మెల్లగా ఒకటి రెండు సార్లు గీయండి, అంతకు మించొద్దు, పైనున్న పూత చాలా పలుచన, గరుకు కాగితం పెట్టారంటే ఒక్క దెబ్బకి పోతుంది. పది నిమిషాలు ఆరనివ్వండి. స్లాట్‌కి కూడా ఇదే వైద్యం: పాత ఏటీఎం కార్డుకి పలచటి నూలుగుడ్డ చుట్టి, ఆల్కహాల్‌తో కాస్త తడిపి, స్విచ్ ఆపేసి, నాలుగైదు సార్లు దించి తీయండి. క్యాసెట్ పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కరెంటు ఆపి ఉండాలన్నది ఎప్పుడూ మరవొద్దు.

ఇంత చేసినా ఆడకపోతే క్యాసెట్ విప్పి చూడండి. మన నకలు క్యాసెట్లలో చాలావాటికి చిప్ బదులు బోర్డు మీద నల్లటి గుండ్రటి లక్కముద్దలాంటిది ఉంటుంది. చిప్ దాని కిందే ఉంటుంది, లోపల తీగ తెగితే మనం చేయగలిగింది లేదు. దాన్ని పారేయకుండా పైడొక్కు దాచుకోండి, పగిలిన ఇంకో క్యాసెట్‌కి తొడగొచ్చు. 2014 హుద్‌హుద్‌కీ, 2018 తిత్లీకీ నీళ్ళు చేరిన ఇళ్ళ నుంచి వచ్చిన కన్సోల్ అయితే స్విచ్ వేయకముందే విప్పాలి, మరలు తుప్పు పట్టి ఉన్నాయా, బోర్డు మీద బురద గీత ఉందా అన్నది చూడాలి.

రిమోట్ అంటే కంట్రోలర్ సంగతి సులువే. బటన్ గట్టిగా నొక్కితే గానీ పనిచేయడం లేదంటే కింద రబ్బరు మీద ఉండే నల్ల కార్బన్ బిళ్ళ మురికి పట్టింది, లేదా అరిగింది. తుడిచి చూడండి. అరిగిపోతే టీవీ రిమోట్లు బాగుచేసే వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి, రిమోట్ బటన్ల కిందా ఇదే బిళ్ళ ఉంటుంది, వాళ్ళకి ఇది రోజూ చేసే పని. ఏ బటనూ అసలు పనిచేయకపోతే వైరు లోపల తెగి ఉండొచ్చు, ప్లగ్గు మొదట్లో వంచి చూస్తే దొరుకుతుంది. కొత్తది కొనేముందు సాకెట్ పిన్నులు లెక్కపెట్టుకోండి, 9 పిన్నులవీ ఉన్నాయి, 15 పిన్నులవీ ఉన్నాయి. రెండూ 9 పిన్నులే అయినా లోపలి వైరింగ్ వేరుగా ఉండొచ్చు, అందుకే ఆడించి చూశాకే డబ్బులివ్వండి.

టీవీకి తగిలించడం. పసుపు వైరు బొమ్మ, తెలుపు శబ్దం. పాత యాంటెనా వైరుతో వచ్చేదైతే గేమ్ ఆన్‌లో పెట్టి టీవీలో ఛానెళ్ళు వెతికించాలి, ఆపి వెతికిస్తే ఏమీ దొరకదు. బొమ్మ వచ్చింది గానీ రంగు లేదంటే అది రంగు బొమ్మ పంపడంలో జపాన్, అమెరికా పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ కన్సోల్ అయ్యుండొచ్చు, మన పద్ధతి పేరు పాల్, ఆ పాత టీవీ పాల్ మాత్రమే చదువుతోందన్నమాట. కొత్త ఎల్ఈడీ టీవీలో పసుపు రంధ్రమే లేకపోతే ఏవీ (ఆ పసుపు, తెలుపు వైర్లు) నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే చిన్న డబ్బా దొరుకుతుంది. కాకపోతే బటన్ నొక్కాక మారియో ఎగరడానికి కాస్త ఆలస్యం అవుతుంది, టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే కొంత తగ్గుతుంది. ఈ ఆలస్యం వద్దు అనుకునే వాళ్ళకి డొక్కు టీవీయే దిక్కు, అంటే వెనక్కి పొడుగ్గా ఉండే పిక్చర్ ట్యూబ్ టీవీ. బాతుల్ని కాల్చే తుపాకీ గేమ్ మీకు ఉందంటే అది తప్పనిసరి. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి వస్తుంది, తుపాకీ గొట్టంలోని సెన్సర్ ఆ వెలుతురుని ట్యూబ్ గీత గీతగా గీసే వేగంతోనే పట్టుకుంటుంది. ఎల్ఈడీ తెర అలా గీయదు, పైగా ఆలస్యం, అందుకే ఎంత గురి చూసినా తగలదు. తుపాకీ పాడైందని పారేయకండి. డొక్కు టీవీలు చాలా ఇళ్ళలో తీసుకెళ్తే చాలు అనే స్థితిలో ఉన్నాయి, తెచ్చుకోండి గానీ వెనక మూత మాత్రం విప్పొద్దు. ఆపేసిన తర్వాత కూడా ట్యూబులో వేల వోల్టులు నిలవ ఉంటాయి, అది టీవీ మెకానిక్ చేయాల్సిన పని.

ఏం ఆడాలి? 9999999 గేములు అని రాసిన క్యాసెట్‌లో నిజంగా ఉండేవి కొన్నే, అవే పేరు మార్చి, మొదలయ్యే లెవెల్ మార్చి తిప్పి తిప్పి పెడతారు. ఆ కొన్నిటిలోనే మంచివి ఉన్నాయి. ఇద్దరు కూర్చుని ఆడటానికి నామ్‌కో 1985లో చేసిన బ్యాటిల్ సిటీ, అంటే మన ట్యాంకుల గేమ్, దాన్ని మించింది నా దృష్టిలో లేదు. తెర కింద మధ్యలో ఉన్న గద్దని ఎవరు కాపాడాలి, ఎవరు ముందుకెళ్ళాలి అని అన్నదమ్ములు మాట్లాడుకుని ఆడితేనే గెలుస్తారు. కన్‌స్ట్రక్షన్ అన్న దాంట్లోకి వెళ్తే గోడలు మనమే కట్టుకోవచ్చు, పిల్లలకి అది చూపించండి. 1985 సూపర్ మారియోలో రెండో మెట్టు చివర, ఇటుకల పైకప్పు ఎక్కి గొట్టం దాటి ముందుకెళ్తే 2, 3, 4 లోకాలకి దారులుంటాయి. కాంట్రా ఇంగ్లీష్ వెర్షన్ టైటిల్ తెర మీద పైకి రెండుసార్లు, కిందికి రెండుసార్లు, ఎడమ కుడి ఎడమ కుడి, బి, ఏ, స్టార్ట్ నొక్కితే 30 ప్రాణాలు. ఇద్దరైతే స్టార్ట్‌కి ముందు సెలెక్ట్ నొక్కాలి. ఈ వరస మొదట కొనామి కంపెనీ వాళ్ళ గ్రేడియస్ అనే గేమ్ కోసం 1986లో కజుహిసా హషిమోటో పెట్టారు, అంత కష్టమైన గేమ్‌ని ఆయనే పరీక్షించలేక. మొదటిసారి ఆడే పిల్లలకి నిరభ్యంతరంగా చెప్పండి, కాంట్రా చివరిదాకా చూడటం వాళ్ళకి ఒక ఆనందం. ఈ గేముల్లో చాలావాటికి సేవ్ లేదు, కాబట్టి కరెంటు పోతే మొదటికే. ఆడే వేళలు దానికి తగ్గట్టు పెట్టుకోండి, గాలివాన కనిపిస్తే ప్లగ్గు పీకేయండి.

ప్లేస్టేషన్ 2 గురించి కొంచెం. 2000లో వచ్చి 2013 మొదట్లో తయారీ ఆగిపోయింది, మన ఊళ్ళలో గేమ్ పార్లర్లు నడిచింది ఎక్కువగా దీనితోనే, మూతపడిన పార్లర్ల వాళ్ళని అడిగితే ఇప్పటికీ దొరుకుతాయి. పార్లర్ యంత్రం అంటే లెన్స్ బాగా అరిగి ఉంటుంది, కంట్రోలర్ల పుల్లలు వదులుగా ఉంటాయి, ధర ఆ లెక్కన మాట్లాడండి. సీడీ గేమ్, డీవీడీ గేమ్ రెండూ పెట్టి చూడాలి, ఒకటి చదివి ఒకటి చదవనివి ఉంటాయి. చిప్ వేసినదా కాదా అడగండి, చిప్ లేనిది కాపీ డిస్కులు చదవదు. డిస్క్ అడుగు ఊదారంగులో మెరిస్తే అది ఇంట్లో రాసిన కాపీ, అసలు డీవీడీ వెండి రంగు, అసలు సీడీ గేమ్ నీలం. మెమరీ కార్డు 8 ఎంబీది, అందులో అవతలివాళ్ళ సేవ్‌లు ఉంటే చెరిపేముందు ఒకమాట అడగండి.

చేతిలో పట్టుకునే గేమ్ బాయ్‌లలో ముఖ్యంగా చూడాల్సింది బ్యాటరీల అర. లోపలే వదిలేసిన సెల్లు కారి స్ప్రింగులు తినేసి ఉంటాయి. పాత పోకెమాన్ క్యాసెట్లలో సేవ్ కోసం చిన్న బిళ్ళ బ్యాటరీ ఉంటుంది, అది అయిపోతే గేమ్ ఆడుతుంది గానీ సేవ్ నిలవదు. గేమ్ బాయ్ అడ్వాన్స్ క్యాసెట్లలో నకిలీలు చాలా ఎక్కువ. అసలుదానికి ముందు స్టిక్కర్ మీద చిన్న అంకెలు నొక్కినట్టు కనిపిస్తాయి, పిన్నుల పైన బోర్డు మీద నింటెండో అని ఉంటుంది.

మార్చుకోవడం దగ్గరికొస్తే నా నియమం ఒకటే, తెర మీద ఆడింది చూశాకే చేతులు మారాలి. చాలామంది ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో ఏడు రోడ్ల జంక్షన్‌లోనో కలిసి కవర్ ఇచ్చి కవర్ పుచ్చుకుని వెళ్ళిపోతారు, అక్కడ టీవీ ఎక్కడిది? ఒకరింటికి వెళ్ళండి, లేదా తెలిసిన టీవీ మెకానిక్ షాపులో కూర్చుని టీ తాగుతూ పావుగంట ఆడించండి. పావుగంట ఎందుకంటే కొన్ని బోర్డులు వేడెక్కాకే తెర చెడగొడతాయి. నకలు క్యాసెట్‌ని ఒరిజినల్ అని ఎప్పుడూ చెప్పొద్దు. నకలుకీ విలువ ఉంది, నకలు అని చెప్పి ఇవ్వండి. ఒక క్యాసెట్‌కి ఒక క్యాసెట్ అనే లెక్క కుదరదు, ఒకే గేమ్ ఉన్న పెద్ద క్యాసెట్ తక్కువగా దొరుకుతుంది, దానికి రెండు మూడు మామూలువి ఇవ్వడం న్యాయమే. ముఖం తెలియని వాళ్ళకి అడ్వాన్స్ పంపకండి. మీకు డబ్బు రావాలంటే పిన్ కొట్టాల్సిన పనే లేదు, క్యూఆర్ పంపి పిన్ కొట్టమన్నారంటే అది మోసం.

దూరం ఊరికి పంపాలంటే ఆర్టీసీ కార్గో బాగానే ఉంటుంది, ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా బస్సు వెళ్ళే ఊళ్ళే కదా. కన్సోల్‌ని గుడ్డలో చుట్టి, క్యాసెట్ స్లాట్ ఖాళీగా ఉంచి, అడాప్టర్‌ని వేరే కట్టండి, దాని బరువుకి డబ్బా మూల పగలడం మామూలే. లేదంటే సిరిమాను పండక్కి వచ్చే చుట్టాల చేత పంపించండి, ఇంకా భద్రం. ఇంట్లో దాచేటప్పుడు గాలి చొరబడని డబ్బాలో, కొత్త చెప్పుల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి పెట్టండి. బొద్దింకలు వెచ్చటి కన్సోళ్ళలో కాపురం పెడతాయి కాబట్టి ఆడిన వెంటనే కాకుండా చల్లారాక మూయండి. వైరుని డబ్బాకి బిగించి చుట్టకుండా వదులుగా మడవండి. ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఏది బాగుంది, ఏ బటన్ మొండికేస్తుంది, అడాప్టర్ ఎన్ని వోల్టులు, మధ్యలో ప్లస్సా మైనస్సా అన్నది ఒక చీటీ మీద రాసి అడుగున అంటించండి.